అనంతగిరిలో అడవి స్నానం: చెల్లించిన రుసుముకు తగినదేనా?

హైదరాబాదు నుంచి వారాంతాల్లో వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలకు తీసుకువెళ్లి ‘అడవి స్నానం’ (నీళ్లతో కాదు, చెట్ల మధ్య మౌనంగా, మెల్లగా నడవడం) చేయిస్తామనే బృందాలు ఈమధ్య పెరిగాయి. వాటిలో ఒకదాని వెంట ఫాల్గుణ మాసంలో వెళ్లి వచ్చాను. మనిషికి 1,800 రూపాయలు తీసుకున్నారు. రానూపోనూ బస్సు, ఉదయం ఉప్మా, నడక, చివర తులసి టీ అందులోనే.

మెచ్చుకోవలసినది ముందు చెబుతాను. ఫోన్లన్నీ బస్సులోనే ఒక సంచీలో వేయించి, ఎవరూ మాట్లాడవద్దని చెప్పి, అర కిలోమీటరు దూరాన్ని దాదాపు గంటసేపు నడిపించారు. మొదట విసుగు పుట్టినా, కాసేపటికి ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు, ఎక్కడో వడ్రంగిపిట్ట మాను పొడుస్తున్న శబ్దం విడివిడిగా వినిపించసాగాయి. పనిలో బలవంతంగా నిలిపి ఉంచే ఏకాగ్రత అలసిపోతుందని, ఆకులూ మబ్బులూ వంటివి శ్రమ లేకుండానే చూపును ఆకట్టుకుని దానికి విశ్రాంతినిస్తాయని మనస్తత్వవేత్తలు రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఆ గంటలో అనుభవానికి వచ్చింది. ఈ భాగానికి నిర్వాహకులకు పూర్తి మార్కులు ఇవ్వవచ్చు.

ఆ తరువాత గైడు చేసిన ప్రసంగానికి మాత్రం ఇవ్వలేను. జపాను అటవీ సంస్థ 1982లో షిన్రిన్ యోకు పేరిట ఈ పద్ధతిని ప్రవేశపెట్టిందని, అక్కడి అడవుల్లో గడిపినవారి రక్తంలో కొన్ని వ్యాధినిరోధక కణాల చురుకుదనం పెరిగినట్లు పరిశోధకులు గమనించారని ఆయన చెప్పినది తప్పు కాదు. అయితే దానికి ఒక కారణంగా చూపే వాసన ద్రవ్యాలు సుగి, హినోకి వంటి అక్కడి సతతహరిత వృక్షాలవి. మేము నిలబడినది ఆకురాల్చిన టేకు, తునికి చెట్ల మధ్య. ఆ తేడా మాటమాత్రమైనా ప్రస్తావించకుండా, గాఢంగా పీల్చండి, ఇదే మందు అనడం శాస్త్రం పేరు చెప్పి సరుకు అమ్మడమే.

పైగా కార్యక్రమానికి పర్యావరణ మనస్తత్వశాస్త్రమే (ఎకోసైకాలజీ) పునాది అని కరపత్రంలో రాసుకున్నారు. 1990ల ఆరంభంలో అమెరికా రచయిత థియొడోర్ రోజాక్ ప్రచారంలోకి తెచ్చిన ఈ ఆలోచన, అడవి మనిషికి చేసే మేలుతో ఆగిపోదు. మనిషి మనసుకూ భూమి ఆరోగ్యానికీ మధ్య తెగిన బంధాన్ని రెండు వైపుల నుంచీ చూడమంటుంది. అందుకు అనంతగిరి కంటే తగిన చోటు హైదరాబాదు వాసులకు దొరకడం కష్టం, ఎందుకంటే మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. నగరంలో వంతెన దాటుతూ మనం ముక్కు మూసుకునే నీరు మొదలయ్యే చోట నిలబడి, ఆ సంగతి ఒక్కసారైనా తలవకుండా మమ్మల్ని వెనక్కి తెచ్చారు.

ఒకామె పక్కనున్న చెట్టు పేరడిగితే, పేరు కాదమ్మా, అనుభూతి ముఖ్యం అని గైడు దాటవేశారు. టీ క్యాను మోయడానికి దగ్గరి ఊరి నుంచి పిలిపించుకున్న పెద్దాయన మాత్రం ఊరుకోలేదు. “గిది తునికి చెట్టమ్మా. కొమ్మ కొడితెనే లేతాకు వస్తది” అని మొదలుపెట్టి, ఎండాకాలంలో తునికాకు కోసి యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టే తీరు, ఏ ఆకు బీడీకి పనికిరాదో గుర్తుపట్టే పద్ధతి చెప్పుకొచ్చారు. అందరూ కదలకుండా విన్నది అప్పుడే. అడవితో బతుకుతెరువు ముడిపడినవారి మాటల్లో అది పీల్చి వదిలేసే మందులా కాక, ఇచ్చిపుచ్చుకునే పొరుగులా కనిపించింది. నిర్వాహకులు పది నిమిషాలకే ఆయన్ను ఆపి, కళ్లు మూసుకుని ధ్యానం చేయమన్నారు.

నగరం విడిచి మౌనంగా నడిచే అలవాటు బొత్తిగా లేనివారికి ఈ సేవ పనికివస్తుంది. ఐదింట మూడు నక్షత్రాలు ఇస్తాను. చెట్లనూ పిట్టలనూ తెలుసుకోవాలనుకునేవారు డబ్బు కట్టే ముందు, నడకలో స్థానికులు ఎవరైనా మాట్లాడతారా, వారికి ఎంత ముట్టజెబుతారు అని నిర్వాహకులను అడగడం మంచిది.