బరంపురం పెద్ద బజారు: కూల్చి కట్టాలా, మరమ్మతు చేయాలా?

ఒడిశాలోని బరంపురం పెద్ద బజారు సందుల్లో రెండు రిక్షాలు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిందే. ఈ పాత బజారును బాగుచేయడానికి నాకు కనిపించే దారులు రెండు.

ఒకటి, ముంబయి భేండీ బజారు పద్ధతి. అక్కడ పదహారున్నర ఎకరాల్లో సుమారు 250 పాత భవనాలు తీసేసి కొత్తవి కట్టే పథకం వేశారు. మురుగుకాలువలు, పార్కింగు, అగ్నిమాపక వాహనానికి దారి, అన్నీ ఒకేసారి అమరుతాయి. కానీ కట్టడం పూర్తయ్యేదాకా పట్టుచీరల వర్తకుడు ఎక్కడ కూర్చోవాలి? పాత ఖాతాదారు కొత్త చోటికి వెతుక్కుంటూ రాడు.

రెండోది, వీధి వెంట వీధి మరమ్మతు. ముందు మురుగు, తర్వాత కరెంటు తీగలు, ఆపైన పైకప్పులు. నత్తనడకే, పాలకవర్గం మారితే మధ్యలో ఆగిపోవచ్చు కూడా. అయినా నా మొగ్గు దీనికే. ఒడియా బోర్డు కింద పరుపు మీద కూర్చుని, బరంపురం పట్టుచీరల ప్రత్యేక నమూనా అయిన ఫోడా కుంభ అంచు కనిపించేలా మడత విప్పి, తెలుగులో ధర చెప్పే దుకాణం కొత్త అంతస్తుల్లో ఇమడదు. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి జాతరకు, అంటే ఠాకురాణి యాత్రకు కూడా ఈ పాత వీధులే కావాలి.

తోపుడుబండ్ల విషయంలో మాత్రం రెండు దారులకూ తేడా లేదు: 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే, తర్వాతే తరలింపు.