బెంగళూరు పోకర్ క్యాంప్: క్లాసులు, బస, తిండి ఎలా ఉన్నాయంటే

ఇందిరానగర్‌లో ప్రొఫెషనల్ ప్లేయర్లు నేర్పే వీకెండ్ పోకర్ క్యాంప్‌కి వెళ్లొచ్చాను. కట్టిన ఫీజుకి వర్తేనా అంటే హ్యాండ్ రివ్యూల (ఆడిన ఒక్కో రౌండ్‌ని విడదీసి చూడటం) కోసమైతే కచ్చితంగా వర్త్, లెక్చర్ల కోసమైతే అక్కర్లేదు.

ముందే చెప్తున్నా, ఇక్కడ డబ్బు పెట్టి ఆడేదేం లేదు. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రాలో 2020లో ఆన్‌లైన్ పోకర్ ఆపేశారు, 2025లో కేంద్రం చట్టం తెచ్చి దేశమంతా డబ్బులతో ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధించింది. క్యాంప్‌లో ఉన్నవి ఉత్త ప్రాక్టీస్ చిప్స్, నాకదే నచ్చింది, జేబు భయం లేనప్పుడే మనిషి తన ఆట దాచుకోకుండా ఆడతాడు.

మొదటి పూట పొజిషన్ (మనం కూర్చున్న సీటుని బట్టి వంతు ఎప్పుడొస్తుందో), 169 రకాల స్టార్టింగ్ హ్యాండ్స్ (చేతికొచ్చే మొదటి రెండు ముక్కలు), ఏ సీట్లో ఏవి ఆడాలి, అన్నీ స్లైడ్ల మీదే, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. లంచ్ తర్వాత చిన్న టేబుళ్లుగా కూర్చోబెట్టి మనం ఆడిన హ్యాండ్‌నే ఆపి అడగడం మొదలుపెట్టారు, అసలు క్యాంప్ అదీ. పాట్‌లో (టేబుల్ మధ్య పోగైన చిప్స్) 1000 ఉంది, ఎదుటోడు 500 బెట్ చేశాడు, మనం కాల్ చేసి 500 కడితే మొత్తం 2000, అంటే కనీసం 25 శాతం గెలిచే ఛాన్స్ ఉండాలి. చేతిలో రెండు ఇస్పేట్లు, ఫ్లాప్‌లో (టేబుల్ మీద ముందు పరిచే మూడు ముక్కలు, తర్వాత టర్న్, రివర్ అని ఒక్కొక్కటి పడతాయి) ఇంకో రెండు, ఇంకొక్క ఇస్పేటు పడితే ఐదూ ఒకే గుర్తు, అంటే ఫ్లష్, మిగిలిన ఇస్పేట్లు 9, మనం చూడని ముక్కలు 47. నెల్లూరు నుంచి వచ్చిన ఒకన్న "35 శాతం ఉంది కదా సార్, కాల్" అన్నాడు. కోచ్ వెంటనే, "అది రెండు ముక్కలూ చూస్తేనే బ్రో, టర్న్ ఒక్కదానికైతే 19, టర్న్‌లో వాడు మళ్లీ బెట్ చేస్తే రివర్‌కి ఇంకోసారి కట్టాలి కదా" అన్నాడు. అలాగని ఫోల్డ్ చేసేయమనీ (ముక్కలు పడేయమనీ) కాదు, ఇస్పేటు పడ్డాక వాడి దగ్గరున్న చిప్స్‌లోంచి ఇంకెంత లాగగలమో చూసి తేల్చుకోమన్నాడు. ఈ ఒక్క హ్యాండ్ మీదే చాలాసేపు వాదించుకున్నాం, ఏ వీడియోలోనూ నాకిలా అర్థం కాలేదు.

బస విషయానికొస్తే 100 ఫీట్ రోడ్ పక్కన తీసుకుంటే నడిచి వెళ్లిపోవచ్చు, కానీ రేటెక్కువ, రాత్రి పబ్బుల గోల, పొద్దున్నే క్లాస్ ఉన్నోళ్లకి నిద్ర ఉండదు. నేను దిగిన లాడ్జిలో వేడినీళ్లు అడిగితే గానీ రాలేదు, వైఫై అయితే రూమ్ దాకా అందలేదు. హలసూరు బెటర్, మెట్రో పర్పుల్ లైన్‌లో ఒక్క స్టాపే. మారతహళ్లిలో మనోళ్ల పీజీలు చవకే గానీ మెట్రో లేదు, రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో పడితే మొదటి సెషన్ పోయినట్టే.

తిండి, క్యాంప్ లంచ్ చప్పగా ఉంది, టీ మాత్రం బావుంది. సాయంత్రం ఎంజీ రోడ్‌లో దిగి రెసిడెన్సీ రోడ్‌లో నాగార్జున రెస్టారెంట్‌కి వెళ్లండి, పప్పు, పొడి, నెయ్యి, ప్రాణం లేచొస్తుంది.

హైదరాబాద్ నుంచైతే కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్ హాయి, దిగి గ్రీన్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కి మారితే సరి.

బుక్ చేసేముందు టేబుల్‌కి ఎంతమంది, కోచ్ పక్కనే కూర్చుంటాడా, మన పాత హ్యాండ్స్ తెచ్చుకోవచ్చా, ఈ మూడూ ఫోన్ చేసి అడగండి. రూల్స్ కూడా తెలియనోళ్లు ముందు ఫ్రెండ్స్‌తో కొన్నాళ్లు ఆడి అప్పుడెళ్లండి, లేకపోతే రివ్యూ సెషన్ మొత్తం తలపైనుంచి వెళ్లిపోతుంది.