తంజావూరులో పెద్ద గుడి ఒక్కటే చూసి బస్సెక్కేయకండి

తమిళనాడు గుళ్ళ ప్యాకేజీ టూర్లలో తంజావూరుకి మహా అయితే గంటన్నర ఇస్తారు. బస్సు దిగడం, నంది దగ్గర ఫోటో, దర్శనం, మళ్ళీ బస్సు. మా అమ్మావాళ్ళు అలాగే వెళ్ళొచ్చి "గుడి చాలా పెద్దది" అన్నారు, అంతకుమించి చెప్పడానికి వాళ్ళకేం మిగల్లేదు పాపం. అందుకే మేం ప్యాకేజీ వద్దనుకుని ఊళ్ళోనే రూమ్ తీసుకుని, గుడి గేటు దగ్గర ఒక లైసెన్స్ ఉన్న గైడ్‌ని, రోజంతా తిప్పేలా ఒక ఆటోని మాట్లాడుకున్నాం. ఈ రివ్యూ ఆ తిరుగుడు గురించే. ఐదుకి ఐదూ ఇస్తా. తెలుగువాళ్ళు వెళ్తే ఇలాగే వెళ్ళాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో మనకి సంబంధించింది గుడి బయటే ఎక్కువుంది.

పెద్ద గుడికి, అంటే బృహదీశ్వరాలయానికి, మాత్రం తెల్లారేసరికల్లా వెళ్ళిపోండి. చెప్పులు బయట వదిలేయాలి, ఎండెక్కితే ఆ రాళ్ళ మీద అడుగు పెట్టలేరు, పైగా మధ్యాహ్నం కొన్ని గంటలు దర్శనం ఆపేస్తారు. 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేయించిన గుడి, విమానం, అంటే గర్భగుడి మీది గోపురం, 60 మీటర్ల పైనే, మొత్తం గ్రానైట్ అని అందరికీ తెలుసు. మా గైడ్ పెద్దాయన మాత్రం అవేం చెప్పకుండా తిన్నగా విమానం కింద రాతి అంచుల దగ్గరికి తీసుకెళ్ళి శాసనాల మీద వేలు పెట్టి చదవడం మొదలెట్టారు. తానిచ్చినవి, తన అక్క ఇచ్చినవి, రాణులు ఇచ్చినవి, ఇంకా ఎవరెవరు ఏమిచ్చారో అన్నీ రాతి మీద చెక్కమని రాజరాజు ఆజ్ఞ అది. అక్కంటే కుందవై. రాణుల కంటే ముందు అక్క! ఇంకోచోట గుడిలో నాట్యసేవకి తెచ్చిన 400 మంది ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళలో ఎవరికి ఏ వీధిలో ఇల్లిచ్చారో కూడా ఉంది. వెయ్యేళ్ళ కిందటి డాన్సర్ల పేర్లు ఇంటి అడ్రస్‌తో సహా అలా నిలిచి ఉన్నాయంటే నాకైతే ఒళ్ళు జలదరించింది.

గోపురం నీడ నేల మీద పడదని చాలామంది చెప్తుంటారు. అది నిజం కాదు, సాయంత్రం పూట వెళ్ళి చూడండి, శుభ్రంగా పడుతుంది. లేని అద్భుతాలు చెప్పని గైడ్ దొరకడమే పెద్ద ప్లస్ మాకు. నంది, సుబ్రహ్మణ్యస్వామి గుడి చోళులవి కావు, తర్వాత వచ్చిన నాయకరాజుల కాలానివి. నైరుతి మూల గోడ మీద, నాయకుల తర్వాత ఈ ఊరేలిన మరాఠా రాజుల వంశచరిత్ర 1803లో మరాఠీలో చెక్కించిన శాసనం ఉంది, అటువైపు జనం దాదాపు వెళ్ళరు, తప్పకుండా వెళ్ళండి.

తర్వాత ఆ రాజుల ప్యాలెస్. లోపల ఒక్కో విభాగానికీ విడివిడిగా టికెట్లు, చిల్లర దగ్గరుంచుకోండి. టైమ్ తక్కువుంటే మిగతావన్నీ వదిలేసి ఆర్ట్ గ్యాలరీలో చోళుల కంచు విగ్రహాల దగ్గరే ఉండిపోండి. తిరువెంగాడులో భూమిలో దొరికిన వృషభవాహన శివుడు, 1011 నాటిది, అక్కడుంది. జటల్ని తలపాగాలా చుట్టుకుని, ఒక చెయ్యి ఎద్దు మీద ఆనించి నిలబడ్డాడు, కానీ ఆ ఎద్దు ఇప్పుడు లేదు. ఎద్దు లేకపోయినా ఆ భుజం వాలు, నడుం ఒంపు, మోచెయ్యి చూస్తే దాని ఎత్తు ఎంతుండేదో మనకే తెలిసిపోతుంది. పక్కనే అమ్మవారు. మా అమ్మాయి "ఎద్దెక్కడ తాతగారూ" అని అడిగితే గైడ్ గారు "నువ్వు నిలబడమ్మా అక్కడ" అని పక్కన నిలబెట్టి చూపించారు, అప్పుడు నాకూ బాగా అర్థమైంది. దర్బారు హాల్లో చేతులు జోడించి నిలబడ్డ మరాఠా రాజు శరభోజి పాలరాతి విగ్రహం ఫ్లాక్స్‌మన్ అనే ఇంగ్లీషు శిల్పి చెక్కింది, అది కూడా బావుంటుంది.

అక్కడే సరస్వతీ మహల్. నాయకరాజులు మొదలెట్టిన గ్రంథాలయాన్ని రెండో శరభోజి (పాలన 1798-1832) బాగా పెంచాడు. తాళపత్రాలున్న లోపలి గదుల్లోకి మామూలు టూరిస్టుల్ని పంపరు, మనం చూసేది చిన్న మ్యూజియం మాత్రమే, బుధవారం సెలవు. మనుషుల ముఖాల్ని జంతువుల ముఖాలతో పోల్చి గీసిన ఫ్రెంచ్ బొమ్మలున్నాయి, పిల్లలు వదలరు. నాకు మాత్రం ఇక్కడ మనసు ఆగిపోయింది, ఎందుకంటే రఘునాథ నాయకుడు, విజయరాఘవుడు ఏలిన కాలంలో ఈ కోటలో కొలువంతా తెలుగు, కవులు చేమకూర వేంకటకవి, రంగాజమ్మ ఇక్కడివాళ్ళే, ఆ తర్వాతొచ్చిన మరాఠా రాజు షాహాజీ కూడా తెలుగులోనే నాటకాలు రాశాడు. గైడ్ గారింట్లో కూడా తెలుగేనట, మాట తీరులో తమిళం యాస ఉన్నా "మీరొస్తే నాకు మావాళ్ళొచ్చినట్టే" అన్నారు. స్కూల్లో తెలుగు సాహిత్యంలో దక్షిణాంధ్ర యుగం అని నాలుగు మార్కుల కోసం చదివిందంతా జరిగింది ఈ గోడల మధ్యే!

సాయంత్రం చల్లబడ్డాక మేలవీధి, అంటే పడమటి వీధి, నడిచే చూడండి, ఆటో వద్దు. బంగారు కామాక్షి గుడి అక్కడే. అమ్మవారి ముఖానికి పునుగు (పునుగుపిల్లి నుంచి వచ్చే సుగంధద్రవ్యం) పూస్తారు, నల్లగా మెరుస్తూ ఉంటుంది. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన శ్యామశాస్త్రి గారు ఈ గుడి అర్చకులు, ఆయన కీర్తనలు తెలిసినవాళ్ళు ఒక పాట మనసులో పాడుకుని రండి. తంజావూరు పెయింటింగ్ కొనాలంటే బంగారు రేకు అసలుదేనా అని అడిగి, రెండు మూడు షాపుల్లో రేటు కనుక్కుని కొనండి, తొందరపడొద్దు.

మర్నాడు పొద్దున తిరువయ్యారు, 13 కిలోమీటర్లు, బస్సులు బోలెడు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి, దానికి గుడి కట్టించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారి సమాధి ఎదురుగానే ఉంది, ఆవిడకి కూడా దణ్ణం పెట్టుకోండి. పుష్య బహుళ పంచమికి ఆరాధన, ఆ రోజుల్లో వెళ్ళాలనుకుంటే తంజావూరులో రూమ్ చాలా ముందే బుక్ చేసుకోండి, అప్పటికప్పుడంటే దొరకడం కష్టం.