డిపాజిట్ పూచీపై తీసుకున్న క్రెడిట్ కార్డు: విద్యార్థిగా నా అనుభవం

గుంటూరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో తీసుకున్న ఈ కార్డును చివరి సెమిస్టర్ దాకా వాడుతూ వచ్చాను. సొంత ఆదాయం లేని విద్యార్థికి మామూలు క్రెడిట్ కార్డు దొరకడం కష్టం కనుక, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 20,000 రూపాయలను ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని పూచీపై 18,000 రూపాయల లిమిట్‌తో దీనిని పొందాను. డిపాజిట్‌పై వడ్డీ యథావిధిగా వస్తుంది గానీ, కార్డు ఉన్నన్నాళ్లూ ఆ సొమ్మును కదపడానికి వీలుండదు. బాకీ తీర్చకపోతే బ్యాంకు అందులోంచే జమ చేసుకుంటుంది. ఫీజుకో వైద్యానికో అక్కరకు రావాల్సిన డబ్బును ఇందులో పెట్టవద్దనే చెబుతాను.

విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాలు, రైలు టికెట్లు, పరీక్ష ఫీజులు - వీటికి కార్డు చక్కగా పనికొచ్చింది. నా కార్డులాంటి రూపే (మన దేశీయ కార్డుల వ్యవస్థ) క్రెడిట్ కార్డులను యూపీఐకి జోడించుకునే వెసులుబాటును రిజర్వు బ్యాంకు 2022లో కల్పించడంతో, బ్రాడీపేటలోని టిఫిన్ సెంటర్లలో కూడా దీనితోనే చెల్లించవచ్చు. నా దృష్టిలో ఈ కార్డులోని అసలు ప్రమాదం అదే. నలభై, యాభై రూపాయల చెల్లింపులు అప్పుగా తోచవు. స్టేట్‌మెంట్ వచ్చాక మాత్రం పేజీ నిండుతుంది. అందుకే రోజువారీ ఖర్చులకు యూపీఐలో పొదుపు ఖాతానే ఉంచి, కార్డును ముందుగా అనుకున్న కొనుగోళ్లకు మాత్రమే వాడుతున్నాను.

బ్యాంకు తీరులో నాకు నచ్చనిది మినిమమ్ డ్యూను, అంటే బాకీలో ఆ నెల కనీసం కట్టాల్సిన భాగాన్ని, ముందుకు తోయడం. యాప్‌లో మొదట కనిపించేది ఆ అంకే. ఆటో డెబిట్ కూడా దానికే పెట్టి ఇచ్చారు, మొత్తం బాకీకి మార్పించడానికి బ్రాంచికి తిరగవలసి వచ్చింది. 10,000 రూపాయల బాకీలో 5 శాతం, అంటే 500 కట్టి ఊరుకున్నామనుకుందాం. మిగిలిన 9,500 మీద నెలకు 3.5 శాతం చొప్పున సుమారు 332 రూపాయల వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 392 రూపాయలు పడుతుంది. అంటే కట్టిన దానిలో అప్పు తగ్గించేది వంద రూపాయల పైచిలుకే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏటీఎంలో నగదు తీస్తే బాకీ ఉన్నా లేకున్నా ఇదే పరిస్థితి, రుసుము అదనం.

గడువు తేదీ దాటి మూడు రోజులు మించితే తప్ప ఆలస్య రుసుము వేయకూడదన్న నిబంధన ఉంది. దానిని భరోసాగా తీసుకోకుండా, స్టేట్‌మెంట్ వచ్చిన వారంలోనే పూర్తిగా కట్టేయడం నాకు సుఖంగా ఉంది. అప్పులు తీర్చే తీరును అంకెల్లో చూపే సిబిల్ స్కోరు కూడా మొదలైంది, ఏడాదికోసారి ఉచిత నివేదిక తీసి చూసుకుంటున్నాను. రివార్డు పాయింట్ల గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు.

ఉద్యోగం వచ్చాక డిపాజిట్‌ను విడిపించుకోవాలని ఉంది. బాకీ ఏమీ లేకుండా మూసివేతకు అర్జీ పెడితే ఏడు పనిదినాల్లో బ్యాంకు కార్డును మూసేయాలి, లేదంటే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు మనకే చెల్లించాలి.