స్టీఫెనా, ఓలాఫా: ఎవరి దారి మేలు?

హంగేరీని క్రైస్తవంలోకి నడిపిన రాజు స్టీఫెన్, నార్వేను నడిపినవాడు ఓలాఫ్. ఇద్దరిదీ ఒకే కాలం. ఇద్దరూ పోయాక పునీతులయ్యారు. ఇద్దరి చేతులకూ నెత్తురంటింది. అయినా విశ్వాసాన్ని జనం దగ్గరికి చేర్చిన తీరు చూస్తే నేను స్టీఫెన్ వైపే.

ఓలాఫ్ కుర్రతనంలో వైకింగ్, అంటే ఓడల్లో తిరిగి తీరాలను దోచుకునేవాడు. 1015లో స్వదేశం చేరి రాజయ్యాడు. 1024లో మోస్టర్ సభలో బిషప్ గ్రిమ్‌కెల్‌తో కలిసి క్రైస్తవ చట్టం తెచ్చాడు. కానీ పెద్ద కుటుంబాలు ఎదురుతిరగడంతో 1028లో దేశం విడిచిపోయాడు. 1030లో తిరిగొచ్చి స్టిక్లెస్టాడ్ పోరులో ప్రాణం విడిచాడు. మరుసటి ఏడాదే శవపేటిక పైకి తీయించి గ్రిమ్‌కెల్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించాడు. పాలించినన్నాళ్లూ కుదరనిది సమాధి సాధించింది. శతాబ్దాలపాటు యాత్రికులు నిదరోస్‌కు, అంటే ఇప్పటి ట్రాండ్‌హైమ్‌కు, నడిచివెళ్లారు. ఆ భక్తి గొప్పదే. అయితే నార్వేకు సొంత ఆర్చ్‌బిషప్, అంటే బిషప్‌లకు పెద్ద, రావడానికి ఇంకో నూట ఇరవై ఏళ్లు పట్టింది.

స్టీఫెన్ ఆ పని మొదట్లోనే చేశాడు. 1000 సంవత్సరం చివర్లోనో 1001 మొదట్లోనో కిరీటం పెట్టుకున్నాడు. ఎస్టెర్‌గోమ్‌లో ఆర్చ్‌బిషప్ పీఠం నిలబెట్టాడు. ఆయన చట్టాల్లో నాకు బాగా నచ్చింది ఇది: పది ఊళ్లు కలిసి ఒక చర్చి కట్టాలి, ఆరాధనకు కావాల్సిన వస్త్రాలు రాజు ఇస్తాడు, పాదిరినీ పుస్తకాలనూ బిషప్ ఇస్తాడు. కట్టమని చెప్పి చేతులు దులుపుకోలేదు, ఎవరి వంతు ఏమిటో రాసిపెట్టాడు. ఆదివారం ఎడ్లతో పని చేస్తూ దొరికితే ఎద్దును లాక్కుని ఊరివాళ్లకు తినడానికి ఇచ్చేయాలి. కఠినమే, కానీ ఆదివారం అంటే ఏమిటో రైతుకు అలా తెలిసింది.

మచ్చలు దాచను. సింహాసనానికి పోటీపడిన బంధువు కొప్పాన్ శవాన్ని నాలుగు ముక్కలు చేసి ఊళ్లలో వేలాడదీశారు. ఇంకో బంధువు వజుల్ కళ్లు పొడిపించారు. ఈ రెండోది తలుచుకుంటే పునీతుడనే మాట ఇప్పటికీ నా గొంతులో అడ్డుపడుతుంది.

స్టీఫెన్ 1038లో పోయాడు. 1046లో పాత దేవతల కోసం తిరుగుబాటు లేచింది, బిషప్ గెల్లెర్ట్‌ను చంపేశారు. ఆ అలజడిలోనే గద్దెనెక్కిన ఆండ్రూ, కళ్లు పోగొట్టుకున్న ఆ వజుల్ కొడుకే. స్టీఫెన్ కట్టినదాన్ని కూల్చడానికి అతనికన్నా ఎక్కువ కారణం ఎవరికుంది? కూల్చలేదు, క్రైస్తవాన్నే మళ్లీ నిలబెట్టాడు. 1083లో స్టీఫెన్‌ను పునీతుల వరుసలో చేర్పించిన రాజు లాడిస్లాస్, వజుల్‌కు మనవడు.