ఖరీదైన ఐస్ పెట్టె కొంటున్నారా? ముందు మూత తట్టి చూడండి

అమెరికాలో వేసవి ప్రయాణాల కోసం పెద్ద ఐస్ పెట్టె కొనాలనుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఈ హెచ్చరిక. పేరున్న కంపెనీల పెట్టెలను రూపంలో అచ్చంగా పోలి ఉండి, ధరలో వంద డాలర్ల దాకా తక్కువకు దొరికే ‘ప్రీమియం’ పెట్టెలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా వస్తున్నాయి. దళసరి గోడలు, రబ్బరు గొళ్ళేలు, ‘ఏడు రోజులు ఐస్ నిలుస్తుంది’ అనే స్టిక్కరు, ఐదేళ్ల వారంటీ అన్నీ ఉంటాయి. రెండు వందల డాలర్లకు పైగా పెట్టి అలాంటిది ఒకటి మేం కొన్నాం. చివరికి సంచుల కొద్దీ రొయ్యలు చెత్తకుండీలో పోయాల్సి వచ్చింది. అమ్మినవాళ్లు డబ్బు తిరిగి ఇవ్వలేదు.

డాలస్ నుంచి గాల్వెస్టన్ వెళ్లి వచ్చేవాళ్లలో చాలామంది రేవులో తాజా రొయ్యలు, చేపలు కొని తెచ్చుకుంటారు. కారులో సుమారు ఐదు గంటల దారి. మేమూ రొయ్యలు, రెడ్ స్నాపర్ చేపలు కొని, నిండుగా ఐస్ పోసి కొత్త పెట్టెలో సర్దాం. దారిలో హ్యూస్టన్‌లో మా తోడల్లుడి ఇంట్లో ఒక రాత్రి ఆగాం. పెట్టె గ్యారేజీ నీడలోనే ఉంది, మూత ఎవరూ తీయలేదు. మర్నాడు ఇంటికి చేరి తీస్తే లోపల ఐస్ ముక్క లేదు. నీళ్లలో వంటింటి థర్మామీటరు పెడితే 50 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. పాడయ్యే ఆహారం 40 డిగ్రీలకు మించిన వేడిలో రెండు గంటల కంటే ఎక్కువ ఉండకూడదని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. బయటి వేడి 90 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. ఇంట్లో పసిపిల్లలు ఉన్నారు, పెద్దవాళ్లు ఉన్నారు. రొయ్యల విషయంలో ధైర్యం చేయడం తగదు. అన్నీ పారబోశాం.

అదే ప్రయాణంలో పిల్లల కూల్ డ్రింకుల కోసం ఏళ్ల నాటి సాదా పెట్టె ఒకటి పట్టుకెళ్లాం. యాభై డాలర్లకు దొరికే రకం. దారి పొడవునా పిల్లలు దాని మూత తీస్తూ మూస్తూనే ఉన్నారు. ఇంటికి వచ్చేసరికి అందులో ఐస్ ఇంకా తేలుతోంది. నన్ను మండించింది రొయ్యల ఖరీదు కంటే ఇదే.

ఆ తర్వాత గ్యారేజీలో రెండు పెట్టెలనూ పక్కపక్కన పెట్టి, సమానంగా ఐస్ తూచి పోసి, మూతలు తీయకుండా ఉంచాం. ఆఫీసులో స్నేహితుడి దగ్గర పేరున్న కంపెనీ పెట్టె, ఇంచుమించు అదే పరిమాణంలో ఉంటే, దాన్నీ అడిగి తెచ్చాం. స్నేహితుడి పెట్టెలో ఐస్ మా పాత పెట్టెలో కంటే దాదాపు రెండింతల కాలం నిలిచింది. అంటే అసలైన మంచి పెట్టెకు, చవక పెట్టెకు తేడా నిజంగానే ఉంది. మా కొత్త పెట్టె మాత్రం చవకదానికంటే ముందే చేతులెత్తేసింది.

ఎందుకో ఆ పెట్టే చెప్పింది. కొన్ని గంటలు గడిచేసరికి మూత పైభాగంలో, ఒక మూలన, అరచేతి వెడల్పున చెమట పట్టింది. మిగతా మూతంతా పొడిగా ఉంది. చెమట పట్టిన చోట చేయి పెడితే చల్లగా తగిలింది. అక్కడ తడితే డొల్ల చప్పుడు, పక్కన తడితే నిండు చప్పుడు. తయారీలో ఫోమ్ పోసినప్పుడు ఆ మూలకు అది చేరనే లేదు. బయటి గాలిలోని తేమ నీరుగా పట్టిందంటే, లోపలి చలువ అక్కడి నుంచే బయటికి పోతోందని అర్థం. ఇంకొకటి, మూత చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్. ఒక డాలరు నోటును సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి మూత మూసి గొళ్ళెం వేసి లాగి చూడండి. గాస్కెట్ సరిగా పట్టుకుంటే నోటు గట్టిగా ఆగుతుంది. మా పెట్టెకు వెనకవైపు, కీళ్ల దగ్గర, లాగీలాగకముందే జారి వచ్చేసింది.

చాలామంది మోసపోయేది బరువు దగ్గర. ఎత్తి చూస్తే బరువుగా ఉంటుంది, కాబట్టి గట్టి సరుకు అనుకుంటాం. ఆ బరువంతా పైనున్న పాలిథిలిన్ ప్లాస్టిక్‌ది. రోటోమోల్డింగ్ పద్ధతిలో పెద్ద అచ్చును వేడి చేస్తూ తిప్పుతారు. లోపలి ప్లాస్టిక్ పొడి కరిగి అచ్చు గోడలకు పట్టి, అతుకు లేని దళసరి డొల్లగా తయారవుతుంది. కింద పడినా, మీద మనిషి నిలబడినా పగలదు. ఆ గట్టిదనం అబద్ధం కాదు. కానీ చలువను నిలబెట్టేది ప్లాస్టిక్ కాదు, ఆ డొల్ల మధ్యలో నింపే పాలియురిథేన్ ఫోమ్. ఫోమ్ కంటే ప్లాస్టిక్ పది రెట్లకు పైగా వేడిని లోపలికి పంపుతుంది. ఫోమ్‌కేమో బరువే ఉండదు. అందుకే ఫోమ్ సగం నింపి అమ్మినా చేతికి తేడా తెలియదు. పేరున్న పెట్టెల్లో గోడలో సుమారు రెండు అంగుళాలు, మూతలో మూడు అంగుళాల వరకు ఫోమ్ ఉంటుంది. చవక పెట్టెల్లో చాలావాటికి మూత లోపల ఏమీ ఉండదు, రబ్బరు గాస్కెట్ కూడా ఉండదు. అవి తేలిపోయేది ఎక్కువగా అక్కడే. అయితే వాటిని అమ్మేవాళ్లు యాభై డాలర్లే అడుగుతారు, ఎవరినీ మభ్యపెట్టరు. నా కోపం రెండు వందలు అడిగి ఫోమ్ సరిగా నింపని మూత అంటగట్టేవాళ్ల మీద.

‘ఏడు రోజులు’ అనే మాటను ఎలా తీసుకోవాలో కూడా చెప్పాలి. ఈ రోజుల లెక్కకు కంపెనీలన్నీ తప్పనిసరిగా పాటించాల్సిన ఒకే ప్రమాణం అంటూ లేదు. పెట్టెను ముందే చల్లబరిచి, అంచు దాకా ఐస్ మాత్రమే నింపి, మూత తీయకుండా, ఒకే వేడిలో ఉంచి లెక్కపెట్టినా ‘ఏడు రోజులు’ అని రాసుకోవచ్చు. మన వాడకం అలా ఉండదు. ఎండలో ఉన్న కారులోంచి తీసిన నీళ్ల సీసాలు, డ్రింకు డబ్బాలు నేరుగా అందులో పెడతాం. అరలీటరు సీసాలు ఇరవై నాలుగు, మామూలు డబ్బాలు ఇరవై నాలుగు కలిపితే సుమారు 20 లీటర్లు. వాటిని 35 డిగ్రీల సెల్సియస్ నుంచి 4 డిగ్రీలకు దింపడానికి దాదాపు 2,600 కిలోజౌళ్ల వేడి లాగేయాలి. ఒక కిలో ఐస్ కరిగితే 334 కిలోజౌళ్లు లాగుతుంది. అంటే దాదాపు 8 కిలోల ఐస్ ఆ పనికే ఖర్చవుతుంది. గ్యాస్ స్టేషన్‌లో దొరికే పది పౌండ్ల సంచులు రెండు తెస్తే వాటిలో మిగిలేది కిలో పైచిలుకే. మూడు వందల డాలర్ల పెట్టెలోనూ అంతే, థర్మాకోల్ పెట్టెలోనూ అంతే. ముందు రాత్రి ఫ్రిజ్‌లో చల్లబరిచిన సీసాలు పెట్టడం వల్ల మిగిలే ఐస్, చాలాసార్లు ఖరీదైన పెట్టె మిగిల్చే ఐస్ కంటే ఎక్కువ.

మన ఆకివీడు, భీమవరం చేపలు లారీల్లో హౌరా, గువాహటి దాకా వెళ్లేది మెత్తగా కొట్టిన ఐస్ మీదే కదా. ఒక వరస ఐస్, ఒక వరస చేప, మళ్లీ ఐస్ వేసి, ఖాళీ లేకుండా నింపుతారు. అక్కడి ప్యాకింగ్ కూలీకి తెలిసిన ఈ సంగతి మన పెట్టెకూ వర్తిస్తుంది. పెట్టెలో ఖాళీ ఉంటే, మూత తీసిన ప్రతిసారీ ఆ ఖాళీలోకి వేడిగాలి దిగుతుంది. ఎక్కువ రోజులు నిలవాలంటే మాత్రం కొట్టిన ఐస్ కంటే పెద్ద దిమ్మలు మేలు. పెద్ద డబ్బాలో నీళ్లు పోసి ఇంట్లోనే గడ్డకట్టించుకోవచ్చు. కరిగిన నీళ్లు చల్లగా ఉన్నంతసేపు పారబోయకండి, అవి కూడా సీసాలను చల్లగా ఉంచుతాయి. చేపలను, మాంసాన్ని మాత్రం ఆ నీళ్లు తగలకుండా గట్టి సంచిలో కట్టి పెట్టాలి.

ఒక రోజు పార్కులో పిక్నిక్‌కు, పుట్టినరోజు పార్టీకి వెళ్లేవాళ్లకు ఖరీదైన పెట్టె అనవసరం అని నా అభిప్రాయం. సాదా పెట్టె చాలు. మూడు నాలుగు రోజులు అడవిలో గుడారం వేసుకునేవాళ్లకు, పడవలో చేపలు పట్టేవాళ్లకు, పెట్టె మీద కూర్చోవాల్సి వచ్చేవాళ్లకు మంచి పెట్టె పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఎలుగుబంట్లు తిరిగే చోట్లకు వెళ్లేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ‘ఎలుగుబంటి తెరవలేదు’ అని ధ్రువీకరణ పొందిన పెట్టెలు నిజంగానే ఉన్నాయి. మోంటానాలోని వెస్ట్ ఎల్లోస్టోన్‌లో, సంరక్షణ కేంద్రంలోని ఎలుగుబంట్లకే వాటిని ఇచ్చి పరీక్షిస్తారు. కానీ ఆ మాట నిలవాలంటే తాళాలు కూడా వేయాలి. తాళం వేయకపోతే ఆ ధ్రువీకరణ మీకు పనికిరాదు.

పెట్టె మీది అంకెను చూసి కూడా కొనవద్దు. యెతీ టండ్రా 45 అనే ప్రసిద్ధమైన పెట్టెలో పట్టేది 45 క్వార్టులు కాదు, 38 కంటే కాస్త తక్కువ, అంటే 35 లీటర్ల పైచిలుకు. దళసరి గోడలు బయట ఎంత చోటు తింటాయో లోపల అంత తగ్గిస్తాయి. సరుకుల జాబితాలో లీటర్లు గానీ క్వార్టులు గానీ స్పష్టంగా రాయకపోతే ఆ పెట్టె వదిలేయండి.

ఇక అమ్మినవాళ్ల సంగతి. మొదట ఫోటోలు అడిగారు, పంపాం. తర్వాత వీడియో అడిగారు, అదీ పంపాం. ‘మీరు పెట్టెను ముందుగా చల్లబరచలేదేమో’ అన్నారు. చల్లబరిచి మళ్లీ వీడియో పంపితే, వాపసు గడువు ముప్పై రోజులు దాటిందని జవాబు వచ్చింది. ఆ గడువు దాటేదాకా ఉత్తరాలతో నడిపించింది వాళ్లే. మరి ఐదేళ్ల వారంటీ ఏమయిందని అడిగితే, అది ‘పగుళ్లకు, గొళ్ళేలకు, కీళ్లకు’ మాత్రమేనట. ఐస్ నిలవకపోవడం అందులో లోపం కిందికి రాదట. ఐస్ పెట్టె చేయాల్సిన ఒక్క పనినీ వారంటీ నుంచి తప్పించారు! కావాలంటే మా ఖర్చుతో వెనక్కి పంపమన్నారు. అంత పెద్ద బరువైన పెట్టెకు పార్సిలు ఖర్చు ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. ఇప్పుడు అదే అచ్చు, అదే గొళ్ళెం, నీళ్లు వదిలే అదే డ్రెయిన్ ప్లగ్ ఉన్న పెట్టెలు వేరే పేర్లతో, వేరే రంగుల్లో కనిపిస్తున్నాయి.

పోలిక ఉన్నంత మాత్రాన ప్రతి పెట్టే చెడ్డదని నేను అనడం లేదు. 2006లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మొదలైన యెతీ, తమ పెట్టెల రూపాన్ని కాపీ కొట్టారంటూ 2015లో ఆర్టిక్ అనే మరో టెక్సాస్ కంపెనీ మీద దావా వేసింది. 2017లో రాజీ కుదిరి, ఆర్టిక్ తన సరుకుల రూపం మార్చుకుంది. ఆ తగవు రూపం గురించి, పేటెంట్ల గురించి. ఐస్ నిలవడం గురించి కాదు. పెద్ద పేరు ఉన్నా పూర్తి భరోసా ఉండదు. యెతీ 2023లో 19 లక్షల మెత్తటి సంచి కూలర్లను, సామాన్లు పెట్టుకునే గేర్ కేసులను వెనక్కి పిలిచింది. వాటి అంచుల్లోని అయస్కాంతాలు ఊడి పిల్లలు మింగితే పేగులకు ప్రమాదం. 2025లో ఇగ్లూ కంపెనీ 90 క్వార్టుల చక్రాల పెట్టెలను పది లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. లాగే పిడి వేలి కొనలను కోసేసే ప్రమాదం ఉందని తేలింది. మీ గ్యారేజీలో ఈ రెండు రకాల్లో ఏదైనా ఉంటే వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, అంటే సీపీఎస్‌సీ, వెబ్‌సైటులో మోడల్ సంఖ్య చూసుకోండి.

కొత్త పెట్టె ఇంటికి వచ్చినరోజే అట్టపెట్టె పారేయకుండా దాచండి. మూత నాలుగు మూలలా, మధ్యలో తట్టి వినండి. నోటు పెట్టి చుట్టూరా లాగి చూడండి. ఆ రాత్రే ఐస్ నింపి ఉంచి, పొద్దున మూత పైన, గోడల మీద చెమట మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఉంటే తేదీ కనిపించేలా ఫోటో తీసి, ఉత్తర ప్రత్యుత్తరాలతో కాలయాపన చేయనివ్వకుండా, గడువులోగా వాపసు కోరండి. వీలైతే దుకాణానికి వెళ్లి మూత తెరిచి చూసి కొనడమే మంచిది.

ఇప్పటికే నాలాగా ఇరుక్కున్నవాళ్లు క్రెడిట్ కార్డు కంపెనీకి ఫోన్ చేసి ఆ చెల్లింపు మీద అభ్యంతరం నమోదు చేయండి. దీనికీ గడువు ఉంటుంది, ఆలస్యం చేయవద్దు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, టెక్సాస్‌లో ఉంటే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల విభాగానికి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మేం మూడూ చేశాం. స్టిక్కరు ఫోటో, వారంటీ కాగితం, వాళ్లు పంపిన జవాబులన్నీ జతచేశాం. మీ పెట్టె మూత మీద కూడా అదే మూలన చెమట పడుతుంటే, ఆ ఫోటోను మీ ఫిర్యాదుకు జతచేయండి.