ఎండ ఉంది, ప్యానెళ్లు ఉన్నాయి, కరెంటు మాత్రం లేదు

మా ఇంటి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించిన కొత్తలో వాటిని మెచ్చుకుంటూ రాశాను. అందులో చాలా భాగం ఇప్పటికీ నిజమే. బిల్లు తగ్గింది, చప్పుడు లేదు, అప్పుడప్పుడు దుమ్ము కడగడం తప్ప వేరే చాకిరీ లేదు. ఎన్ని వాట్లు, ఏ రకం సెల్ అనే వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. చెప్పాల్సింది ఒక్కటే ఉంది. వీధిలో కరెంటు పోతే మా ప్యానెళ్లు కూడా ఆగిపోయేవి. మిట్టమధ్యాహ్నమైనా, కళ్లు తెరవలేనంత ఎండ కాస్తున్నా అంతే. పెట్టించుకునేటప్పుడు ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

ఒక రాత్రి గాలివానకు స్తంభాలు కూలి మా ప్రాంతమంతా చీకటైంది. తెల్లవారేసరికి ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. వాన ప్యానెళ్ల మీద దుమ్మంతా కడిగేసింది, గాలి చల్లగా వీస్తోంది. సిలికాన్ సెల్ వేడెక్కేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.3 నుంచి 0.4 శాతం పోతుంది. ఆ లెక్కన ఉత్పత్తికి అంతకన్నా మంచి రోజు దొరకదు. అలాంటి రోజున, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ మీద ఎర్రదీపం వెలుగుతోంది, తెర మీద సున్నా కనిపిస్తోంది.

ఫ్రిజ్‌లో అమ్మ ఇన్సులిన్ ఉంది. తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ప్యానెళ్లు బిగించిన సంస్థకు ఫోను చేస్తే, ‘‘అది అంతేనండీ, గ్రిడ్ రాగానే దానంతట అదే మొదలవుతుంది’’ అన్నారు. గ్రిడ్ అంటే ఊళ్లన్నిటికీ కరెంటు చేర్చే తీగల వ్యవస్థ. వాళ్ల దృష్టిలో అది లోపమే కాదు. మధ్యాహ్నానికి ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గిపోవడంతో ఆ సీసాలు తీసుకెళ్లి పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టాం. వాళ్లది డీజిల్ జనరేటర్ మీద నడుస్తోంది. బొగ్గు, చమురు వాడకం తగ్గాలని మనసారా కోరుకుని ఈ ఖర్చుకు సిద్ధపడిన ఇల్లు మాది. అవసరం పడిన రోజున అమ్మ మందును డీజిల్ కాపాడింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కారణం తెలిశాక నియమం మీద కోపం పోయింది, చెప్పనివాళ్ల మీద మిగిలింది. మామూలు సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను నడవలేదు. సెకనుకు 50 లేదా 60 ఆవృత్తాలతో సాగే గ్రిడ్ లయను చూసుకుంటూ దానితో అడుగు కలుపుతుంది. గ్రిడ్ పోతే క్షణాల్లో విడిపోవాలని ప్రమాణాలు చెబుతున్నాయి. ఎందుకంటే, తీగలో కరెంటు లేదని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మా ఇంటి నుంచి కరెంటు ఎదురొస్తే అతని ప్రాణం పోతుంది. దీనితో నాకు పేచీ ఎలా ఉంటుంది? కానీ ఇంటిని వీధి తీగ నుంచి విడదీసే స్విచ్, సొంతంగా లయ పుట్టించగల హైబ్రిడ్ ఇన్వర్టర్, ఒక చిన్న బ్యాటరీ ఉంటే లైన్‌మన్‌కు ముప్పు లేదు, ఫ్రిజ్ కూడా ఆగదు. ఆ దారి ఉందని ముందే చెప్పాల్సింది.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో పట్టపగలే గ్రిడ్ కుప్పకూలింది. బ్యాకప్ ఏర్పాటు లేని ఇళ్లలో పైకప్పు మీద ప్యానెళ్లున్నా దీపం వెలగలేదు. 2023 డిసెంబరులో దుబాయ్ వాతావరణ సదస్సులో, 2030 నాటికి పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యాన్ని ప్రపంచవ్యాప్తంగా మూడు రెట్లు చేయాలని దేశాలు ఒప్పుకున్నాయి. మంచి నిర్ణయం, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే అక్కడ లెక్కించేది గిగావాట్లను. గ్రిడ్ పోయిన రోజున వాటిలో ఎన్ని ఇంటివాళ్లకు అక్కరకొస్తాయన్నది ఆ లెక్కలో కనిపించదు.

తర్వాత మేం హైబ్రిడ్ ఇన్వర్టర్‌కు మారి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చేర్చుకున్నాం. ఇప్పుడు వీధిలో కరెంటు పోయిన సంగతి చాలాసార్లు మాకు పక్కింటి జనరేటర్ చప్పుడు విన్నాకే తెలుస్తోంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, దీపాలు సాఫీగా నడుస్తాయి. ఏసీ, నీళ్ల మోటారు మాత్రం దాని మీద నడపం. బ్యాటరీలో కొంత భాగాన్ని ఎప్పుడూ ముట్టుకోకుండా అట్టిపెట్టాం కాబట్టి రోజువారీ ఆదా కాస్త తగ్గింది. వరుసగా ముసురు పట్టిన రోజుల్లో అది నిండదు కూడా.

నెట్ మీటరింగ్ ఉంటే గ్రిడ్డే మన బ్యాటరీ అని అప్పట్లో రాశాను. పగలు ఇచ్చిన యూనిట్లను రాత్రి వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి బిల్లు వరకు ఆ మాట సరే.

మా ఇంట్లో చల్లగా ఉంచాల్సిన మందు ఉంది, మా వైపు గాలివానలు ఎక్కువ. కాబట్టి బ్యాటరీకి పెట్టిన ఖర్చు మాకు న్యాయమే అనిపిస్తోంది. కరెంటు అరుదుగా పోయేచోట, పోయినా గంట రెండు గంటలు ఓర్చుకోగలిగినవాళ్లకు మామూలు ఇన్వర్టరే చాలవచ్చు. బ్యాకప్‌తో తీసుకుంటే మాత్రం కాగితం మీది హామీతో సరిపెట్టుకోకండి. బిగించడం పూర్తయ్యాక, బిగించినవాళ్లు అక్కడ ఉండగానే, మధ్యాహ్నం వేళ వాళ్లచేతే ఇంటి మెయిన్ స్విచ్ ఆపించండి. ఫ్రిజ్ ఆగకుండా నడిస్తేనే చివరి వాయిదా చెల్లించండి.